జ్ఞాపకపు రెండు పాయలు

మస్కట్‌ను ఆనుకుని ఉన్న మత్రా ఓడరేవు వెనుక ఒక పాత సంత ఉంది. స్థానికులు దానిని సూక్ అల్ ధలామ్ అని పిలుచుకునేవారు. అంటే చీకటి సంత. దుకాణాలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ కిక్కిరిసిన ఆ సందుల్లోకి పట్టపగలు సైతం ఎండ దిగకపోవడం వల్ల ఆ పేరు వచ్చిందంటారు. విద్యుద్దీపాలు లేని కాలంలో అక్కడ మూటలు మోసిన కూలీని ఊహించుకోవచ్చు. ఏ మలుపులో తల వంచాలో, ఏ గడప దగ్గర అడుగు ఎత్తి వేయాలో అతని ఒంటికి తెలుసు. కొత్తవాడెవడైనా సాంబ్రాణి అంగడికి దారి అడిగితే మాత్రం అతడు ఒక్క క్షణం ఆగి, మనసులో సందులను లెక్కపెట్టుకుని చెప్పవలసి ఉంటుంది. అతణ్ణి నడిపించినదీ గతానుభవమే, దారి చెప్పించినదీ గతానుభవమే. కాని నడిపించినప్పుడు అది జ్ఞాపకంగా తనను తాను ఎరుకపరచుకోలేదు.

ఈ రెండూ వేరని ఒప్పుకోవడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. చిక్కల్లా అవి విడివిడిగా దొరకకపోవడంలో ఉంది. దారి చెప్పేటప్పుడు కూడా నాలుక మీదికి కొన్ని గుర్తులు వాటంతట అవే వస్తాయి. చీకట్లో నడిచేటప్పుడు కూడా మధ్యమధ్య ఆలోచన తోడవుతుంది. ఒకే పనిలో తెలిసి తలచుకున్నది ఎంత, తెలియకుండా తోసుకొచ్చినది ఎంత అని పాయలు విడదీయడం ఎలా? ప్రయోగాత్మక మనోవిజ్ఞానం ఈ ప్రశ్నతో సుమారు నూరేళ్లు పెనుగులాడింది. చివరికి దారి చూపినది మనిషి సరిగ్గా గుర్తుంచుకున్న విషయాలు కావు. అతడు చేసిన పొరపాట్లు.

ప్రయోగశాలలు పుట్టకముందే ఈ ప్రశ్న అంచును తాకినవారు ఉన్నారు. వారిలో ఒకరు తెలుగువారు. పదిహేడవ శతాబ్దంలో తర్కసంగ్రహం రచించిన అన్నంభట్టు ఆంధ్ర పండితుడు. కాశీకి వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడన్న నానుడి ఆయన పేరు మీదే పుట్టింది. నేటికీ సంస్కృత పాఠశాలల్లో తర్కం నేర్చుకునే పిల్లవాడి చేతిలో మొదట పెట్టే పుస్తకాలలో ఆయనది ఒకటి. అందులో ఆయన జ్ఞానాన్ని అనుభవమని, స్మృతి అని రెండుగా విభజించారు. కేవలం సంస్కారం వల్ల మాత్రమే పుట్టే జ్ఞానం స్మృతి అని నిర్వచించారు. ఆ నిర్వచనంలో ‘మాత్రమే’ అన్న మాట ఎందుకని అడిగితే, దానికి సమాధానం ఆయనే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో ఉంది. ఆ మాట లేకపోతే ప్రత్యభిజ్ఞ కూడా స్మృతిలో కలిసిపోతుంది. ప్రత్యభిజ్ఞ అంటే ఎదురుగా ఉన్న మనిషిని చూసి, ఆనాటి దేవదత్తుడే ఇతడు అని పోల్చుకోవడం. అందులో కన్ను చేసే పని కొంత, లోపలి సంస్కారం చేసే పని కొంత.

ఇక్కడ గమనింపదగిన అంశాలు రెండు. ఒకటి, సంస్కారం స్మృతిలోనే కాక స్మృతి కాని చోట కూడా పనిచేస్తుందని నైయాయికులు గుర్తించారు. రెండు, ఆ సంస్కారం ఏ ఇంద్రియానికీ గోచరించదు. అనుభవం దానిని నాటుతుంది. ఫలితాన్ని బట్టే దాని ఉనికిని ఊహించాలి. అయితే తార్కికులకు కావలసినది వర్గీకరణ. ప్రత్యభిజ్ఞలో సంస్కారం పాలు ఎంత అన్న కొలత వారికి అక్కరలేకపోయింది.

కొలత మీద మొదట చేయి వేసినవారు జర్మన్ పండితుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. 1885లో వెలువడిన జ్ఞాపకశక్తి గ్రంథంలో ఆయన అర్థంలేని అక్షరసముదాయాలను సుమారు 2300 కూర్చుకుని, వాటిని వరుసలుగా పేర్చి, తన మీద తానే ప్రయోగాలు చేసుకున్నారు. మరపు వేగాన్ని చూపే ఆయన రేఖాచిత్రం అందరికీ తెలుసు. అంతగా ప్రచారంలో లేనిది ఆ పుస్తకపు తొలి పుటల్లోని విభజన. ప్రయత్నించి తెచ్చుకునే జ్ఞాపకం ఒకటి, పిలవకుండానే వచ్చే జ్ఞాపకం ఒకటి, అసలు మనసు పైకి తేలకుండానే ప్రభావం చూపే జ్ఞాపకం ఒకటి అని ఆయన మూడు రకాలు చెప్పారు. మూడవదానిని పట్టుకోవడానికి ఆయన వేసిన ఉపాయం సులువైనది. మరచిపోయిన వరుసను మళ్లీ వల్లె వేయడం. మొదటిసారి కంటే ఎంత తక్కువ సమయం పట్టిందో చూడడం. ఆ మిగులుబాటే లోపల చెరగకుండా నిలిచిన ముద్రకు సాక్ష్యం. యౌవనంలో కంఠస్థం చేసి పూర్తిగా మరచిన బైరన్ కావ్యభాగాలను 22 ఏళ్ల తరువాత తిరిగి నేర్చుకున్నప్పుడు కూడా ఆయనకు ఆ మిగులు కనిపించింది. చిన్ననాడు వల్లెవేసిన శతకపద్యాలను నడివయసులో మళ్లీ చేతబట్టిన తెలుగువారికి ఈ సంగతి స్వానుభవమే.

ఆ తరువాతి సాక్ష్యాలు ఆసుపత్రుల నుండి వచ్చాయి. మాస్కోలో సెర్గెయ్ కోర్సకోవ్ 1889లో మతిమరపు రోగుల గురించి రాస్తూ ఒక సంఘటనను నమోదు చేశారు. ఒక రోగికి విద్యుత్ యంత్రంతో చికిత్స జరిగింది. తరువాత ఆ యంత్రపు పెట్టెను చూపినప్పుడు అతనికి దానిని మునుపు చూసిన గుర్తు లేదు. అయినా తనకు కరెంటు పెట్టడానికే వచ్చి ఉంటారని అనుమానించాడు. స్మృతి చెరిగిపోయింది, జంకు మిగిలింది.

1911లో జెనీవా వైద్యుడు ఎడ్వార్డ్ క్లపరేడ్ ప్రకటించిన ఉదంతం ఇంకా ప్రసిద్ధం. ఆయన రోగి 47 ఏళ్ల స్త్రీ. ఐరోపా దేశాల రాజధానుల పేర్లు చెప్పగలదు, నోటిలెక్కలు చేయగలదు. రోజూ కనిపించే వైద్యుడిని మాత్రం ఎప్పటికప్పుడు కొత్తవాడిగానే చూస్తుంది. ఒకనాడు క్లపరేడ్ వేళ్ల సందున గుండుసూది దాచి ఆమెతో కరచాలనం చేశారు. గుచ్చుకున్న నొప్పిని ఆమె కాసేపట్లోనే మరచిపోయింది. కాని ఆయన మళ్లీ చేయి చాపినప్పుడు తన చేతిని వెనక్కి తీసుకుంది. కారణం అడిగితే, చేతుల్లో సూదులు దాచేవాళ్లు కూడా ఉంటారు కదా అని లోకరీతి చెప్పినట్టు చెప్పింది. తనకు జరిగినదని మాత్రం ఆమెకు తోచలేదు. ‘ఇది నాది, నాకు జరిగింది’ అన్న భావమే ఆమె జ్ఞాపకాలకు లోపించిందని క్లపరేడ్ అభిప్రాయపడ్డారు. నేటి వైద్యనీతి ఇటువంటి ప్రయోగాన్ని అంగీకరించదు.

అదే జెనీవాలో, అంతకు పదేళ్ల ముందు, క్లపరేడ్‌కు బంధువూ సహచరుడూ అయిన తియొడోర్ ఫ్లూర్న్వా రాసిన పుస్తకం సాహిత్యాభిమానులు వెతికి చదవవలసినది. ‘భారతదేశం నుండి అంగారక గ్రహం దాకా’ అన్న అర్థం వచ్చే శీర్షికతో అది 1900లో వెలువడింది. ఎలెన్ స్మిత్ అన్న మారుపేరుతో అందులో కనిపించే స్త్రీ జెనీవాలో ఒక దుకాణ ఉద్యోగిని. ఆవేశం వచ్చినప్పుడు ఆమె తన పూర్వజన్మ కథ చెప్పేది. ఆ జన్మలో ఆమె ఒక అరబ్బు షేకు కూతురు; పేరు సిమందిని. ఆమెను పెండ్లాడినవాడు అరేబియా సముద్రానికి ఆవలి ఒడ్డున కన్నడ తీరాన్ని ఏలిన శివ్రూక నాయకుడు. అతడు 1401లో చంద్రగిరి కోట కట్టించాడట. అతని చితి మీదనే ఆమె సహగమనం చేసిందట. ఆవేశంలో ఆమె సంస్కృతం వంటి మాటలు కూడా పలికేది. వాటిని పరిశీలించినవారిలో, ఆధునిక భాషాశాస్త్రానికి ఆద్యుడిగా తరువాత పేరుపడిన ఫెర్దినాన్ ద సొస్యూర్ ఒకరు.

మత్రా వంటి రేవుల నుండి పడమటి తీరానికి శతాబ్దాలుగా ఓడలు నడిచిన మాట నిజం. కాబట్టి అరబ్బు పిల్ల కన్నడదేశపు కోడలు కావడం వినడానికి అసంభవంగా లేదు. కాని ఫ్లూర్న్వా అడిగిన చరిత్రకారులకు ఆ నాయకుడి పేరు తెలియదు. తానే వెతకగా వెతకగా, 1828లో అచ్చయిన ద మార్లె భారతదేశ చరిత్రలో ఒకచోట శివ్రూక పేరు, చంద్రగిరి పేరు, 1401 సంవత్సరం మూడూ దొరికాయి. ఆ పుస్తకం ప్రతులు జెనీవా గ్రంథాలయాల్లో దుమ్ము పట్టి ఉన్నాయి. తాను దానిని ఎన్నడూ చూడలేదని ఆమె చెప్పింది. ఆమె అబద్ధమాడుతున్నదని ఫ్లూర్న్వా అనుకోలేదు. పూర్వజన్మ అనీ నమ్మలేదు. ఎక్కడో, ఎప్పుడో కంటబడిన పంక్తులు మూలం చెరిగిపోయి సొంత అనుభవంలా తిరిగి వచ్చాయని నిర్ణయించారు. ఈ స్థితికి ఆయన ‘మరుగుపడిన స్మృతి’ అని అర్థం వచ్చే పేరు పెట్టారు.

రచయితలకు ఇంతకంటే భయం పుట్టించే పేరు మరొకటి ఉండదు. చూపూ వినికిడీ లేని బాలిక హెలెన్ కెల్లర్ 11 ఏళ్ల వయసులో రాసిన చిన్న కథ 1892 నాటికి పెద్ద వివాదమైంది. అది మార్గరెట్ కాన్బీ అనే రచయిత్రి కథను పోలి ఉండడమే కారణం. ఆ కథను ఎవరో తన చేతివేళ్ల మీద అక్షరాలుగా చెప్పిన గుర్తు ఆ పిల్లకు లేదు. పెద్దలు కూర్చుని ఆమెను విచారించారు. ఆ తరువాత చాలాకాలం తాను రాసే ప్రతి వాక్యమూ తనదేనా అన్న అనుమానం ఆమెను వేధించింది. 1976లో అమెరికాలో ఒక న్యాయమూర్తి జార్జ్ హారిసన్ పాట బాణీ వేరొక పాట నుండి వచ్చినదేనని తీర్పు చెబుతూ, అతడు తెలిసి చేశాడని అనలేదు. అతని ఎరుకకు అందని మనసు చేసిందన్నారు. అయినా బాధ్యత తప్పలేదు. పదవ శతాబ్దంలోనే రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణాన్ని, అర్థహరణాన్ని విడివిడిగా చర్చించి రకాలు కట్టారు. తెలిసి తీసుకున్నదెంత, తెలియక వచ్చినదెంత అన్న కొలత మాత్రం ఇంకా చిక్కలేదు.

ఇరవయ్యవ శతాబ్దపు మధ్యభాగంలో ఈ విషయం మళ్లీ వైద్యశాల నుండే ప్రయోగశాలకు చేరింది. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో మూర్ఛవ్యాధికి శస్త్రచికిత్స చేయించుకున్న హెన్రీ మొలెసన్ అనే యువకుడు కొత్త విషయాలను గుర్తుంచుకునే శక్తిని శాశ్వతంగా కోల్పోయాడు. బ్రెండా మిల్నర్ అతనికి ఒక పని ఇచ్చారు. అద్దంలో మాత్రమే కనిపించే నక్షత్రపు బొమ్మ అంచుల మధ్య పెన్సిలుతో గీత గీయాలి. మూడు రోజుల్లో అతని చేయి చక్కగా కుదిరింది. ప్రతిరోజూ ఆ పనిని తాను తొలిసారి చేస్తున్నాననే అనుకున్నాడు. 1968, 1970 సంవత్సరాల్లో ఇంగ్లండులో ఎలిజబెత్ వారింగ్టన్, లారెన్స్ వైస్క్రాంట్జ్ ఇంకొక అడుగు ముందుకు వేశారు. మతిమరపు రోగులకు బొమ్మలు, మాటలు చూపి, తరువాత వాటి ముక్కలు మాత్రమే ఇచ్చి పూర్తి చేయమన్నారు. చూసిన గుర్తు లేకపోయినా వారు బాగానే పూర్తి చేశారు. 1985లో పీటర్ గ్రాఫ్, డేనియల్ షాక్టర్ ఈ రెండింటికీ వ్యక్తస్మృతి, అవ్యక్తస్మృతి అనదగిన పేర్లు పెట్టారు.

పేర్లు కుదిరిన తరువాత పరిశోధకులు పరీక్షలను కూడా రెండు వరసలుగా పంచుకున్నారు. గుర్తు తెచ్చుకోమని అడిగితే వ్యక్తస్మృతి పరీక్ష; తోచినది చెప్పమని అడిగితే అవ్యక్తస్మృతి పరీక్ష. ఇందులో ఒక లోపం ఉంది. తోచినది చెప్పమన్నా, ఆరోగ్యవంతుడు ఇందాక చదివిన జాబితాను రహస్యంగా తలచుకోవచ్చు. గుర్తు తెచ్చుకోమన్నా, ఊరికే నాలుక మీదికి వచ్చిన మాటను అనేసి అదే గుర్తుకు వచ్చిందని నమ్మవచ్చు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న లారీ జాకబీ ఈ లోపం దగ్గర ఆగారు. ఏ పరీక్షా స్వచ్ఛం కాదని, విడదీయవలసినవి పరీక్షలు కావని, ఒకే పరీక్షలో కలిసి పారే రెండు పాయలని ఆయన వాదించారు.

రెండు శక్తులు ఒకే దిక్కుకు లాగుతున్నప్పుడు ఎవరు ఎంత లాగారో చెప్పలేము. ఎదురెదురుగా లాగించాలి. 1989లో జాకబీ బృందం ప్రకటించిన ప్రయోగం ఈ సూత్రం మీద కట్టినదే. సెబాస్టియన్ వైస్‌డార్ఫ్ వంటి, ఎవరికీ తెలియని పేర్ల జాబితాను పాల్గొన్నవారి చేత చదివించారు. తరువాత ఆ పేర్లను, ఓ మోస్తరు ప్రసిద్ధుల పేర్లను, పూర్తిగా కొత్త పేర్లను కలిపి ఇచ్చి, వీరిలో ప్రసిద్ధులెవరో చెప్పమన్నారు. జాబితాలో చదివిన పేర్లన్నీ అనామకులవేనని ముందే స్పష్టం చేశారు. చదివిన వెంటనే అడిగితే ఎవరూ మోసపోలేదు. ‘ఇది జాబితాలోది’ అన్న స్మరణ అడ్డుకుంది. ఒక రోజు గడిచిన తరువాత అడిగితే చదివిన అనామకులు ప్రసిద్ధులైపోయారు. ఎక్కడ చదివామన్నది పోయింది, ఎక్కడో విన్నట్టున్నదే అన్న పరిచయభావం మిగిలింది. ఆ పరిచయాన్నే మనసు కీర్తి అని చదువుకుంది. రాత్రికి రాత్రే కీర్తి దక్కిన వైస్‌డార్ఫ్ పేరు ఆ పరిశోధన పుణ్యమా అని మనోవిజ్ఞాన గ్రంథాల్లో నిజంగానే నిలిచిపోయింది.

1991లో జాకబీ ఈ ఆలోచనను లెక్కగా మలిచారు. 1993లో జెఫ్రీ టోత్, ఆండ్రూ యోనెలినాస్‌లతో కలిసి ప్రకటించిన పత్రంలో దానిని మాటల మొదటి అక్షరాలతో పరీక్షించారు. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. జాబితాలో ‘కలశం’ అన్న మాట చదివించారు. తరువాత ‘కల’ అని మాత్రమే చూపారు. దానిని కలప, కలత, కలశం ఎలాగైనా పూరించవచ్చు. ఒక విడతలో చదివిన మాటతోనే పూరించమంటారు. గుర్తు రాకపోతే తోచిన మాట రాయవచ్చు. ఇక్కడ స్మరణ, అప్రయత్న ప్రభావం రెండూ ‘కలశం’ వైపే లాగుతాయి. మరొక విడతలో చదివిన మాటను తప్పించి మరొకటి రాయమంటారు. ఇక్కడ స్మరణ ఉన్నవాడు కలశాన్ని పక్కకు నెట్టి కలప అంటాడు. స్మరణ లేక, ముద్ర మాత్రమే మిగిలినవాడు కలశం అని రాసి తప్పులో కాలు వేస్తాడు.

సంఖ్యలు ఊహించుకుంటే లెక్క తేలికవుతుంది. మొదటి విడతలో నూటికి 70 చోట్ల, రెండవ విడతలో వద్దన్నా నూటికి 30 చోట్ల చదివిన మాటే వచ్చిందనుకుందాం. ఈ రెండింటి తేడా 40. ఉద్దేశపూర్వకంగా మాటను రప్పించడానికీ ఆపడానికీ తోడ్పడినది స్మరణ కాబట్టి, దాని పాలు నూటికి 40. మిగిలిన 60 చోట్ల స్మరణ అందలేదు; ఆ 60లో 30 చోట్ల మాట తనంతట తానే వచ్చింది. కనుక అప్రయత్న ప్రభావం సగం. లెక్కంతా ఇంతే. నూరేళ్ల చిక్కు ఒక తీసివేత, ఒక భాగహారం దగ్గరికి వచ్చి ఆగింది.

తెలుగు సాహిత్యంలో పెరిగినవారికి ఈ ఉపాయం ఎక్కడో చూసినట్టే ఉండాలి. అవధానంలోని నిషిద్ధాక్షరి ఇటువంటిదే. అవధాని ‘శ్రీ’ అన్నారనుకుందాం. వెంటనే ‘రా’ వస్తుందని పసిగట్టిన పృచ్ఛకుడు ఆ అక్షరాన్ని నిషేధిస్తాడు. ఏళ్ల తరబడి పద్యాలు చదివిన నోటికి ఏది సహజంగా వస్తుందో దానికే కట్టడి. పిలవకుండా వచ్చే మాటను అవధాని ఎరుకతో నిలిపి, ఛందస్సు చెడకుండా వేరొక మాటను రప్పించాలి. అప్రస్తుత ప్రసంగం సైతం ఊరికే నవ్వుల కోసం పెట్టినది కాదు. అది అవధాని దృష్టిని చీల్చే సాధనం. మనోవిజ్ఞాన ప్రయోగశాలలు కూడా ఆ పనే చేశాయి. మాటలు చదువుతున్నప్పుడే పాల్గొన్నవారికి మరొక పని అప్పగించి దృష్టిని చీల్చాయి. అప్పుడు స్మరణ పాలు దాదాపు శూన్యానికి పడిపోయింది. అప్రయత్న ప్రభావం మాత్రం దాదాపు ఉన్నంత ఉంది. ఒకటి తగ్గినప్పుడు రెండవది కదలకపోవడమే, ఇవి నిజంగా రెండు పాయలన్నదానికి జాకబీ చూపిన గట్టి రుజువు.

తిరుపతి వేంకట కవుల కాలం నుండి తెలుగు నేల మీద అవధానాన్ని మెచ్చుకునేవారి నోట రెండు మాటలు వినిపిస్తూ వచ్చాయి. ఒకటి ధార, రెండవది ధారణ. ధార అంటే పద్యం తడుముకోకుండా పారడం. ధారణ అంటే గంటల తరువాత ఏ పాదం ఎవరికి చెప్పారో తప్పకుండా అప్పగించడం. ఒకరికి ధార ఉండి ధారణ లోపించవచ్చు. మరొకరి విషయంలో అటుది ఇటు కావచ్చు. ఇది ప్రయోగశాల లెక్కకు సరిసమానం కాదు. ధారలో కూడా ఆలోచన ఉంటుంది, ధారణలో కూడా అభ్యాసపు ఊపు ఉంటుంది. కాని రెండు శక్తులనూ వేరువేరుగా మెచ్చుకోవాలన్న వివేకం ఆ సభలకు ఉంది.

ఈ పద్ధతి విలువ ఎక్కువగా తెలిసేది వృద్ధాప్యం దగ్గర. 1990లో జేన్ డైవన్, జాకబీ చేసిన పరిశోధనలో అనామకుల పేర్లను ప్రసిద్ధులవిగా పొరబడడం వృద్ధుల్లో ఎక్కువగా కనిపించింది. 1993లో జానిన్ జెన్నింగ్స్‌తో చేసిన పరిశోధన కారణం చూపింది. వయసుతో తరిగేది స్మరణ. పరిచయభావానికి కారణమైన అప్రయత్న ప్రభావం పెద్దగా తరగదు. 1999 నాటి ఫలితం మరీ విపరీతం. ఒక మాటను ఎక్కువసార్లు చదివించితే, దానిని తప్పించవలసిన పరీక్షలో యువకుల పొరపాట్లు తగ్గాయి. వృద్ధుల పొరపాట్లు పెరిగాయి. పునరుక్తి ఒకరికి మందు, మరొకరికి వికటించిన మందు.

దీని పర్యవసానం ఇళ్లలో కనిపిస్తుంది. దూరదేశాల్లో ఉన్న పిల్లలు ఊళ్లోని తల్లిదండ్రులకు ఫోనులో పదేపదే చెప్పే మాటలు కొన్ని ఉంటాయి. ఫలానా ఆకు పసరు తాగితే మధుమేహం పోతుందన్నది అబద్ధమని నాలుగుసార్లు చెబుతారు. కొన్నాళ్లకు ‘అబద్ధం’ అన్న తోక రాలిపోయి, ఆకు పసరు, మధుమేహం అన్న జంట మాత్రమే చెవికి అలవాటైన మాటగా మిగలవచ్చు. ఇది ఊహ కాదు. 2005లో ఇయాన్ స్కర్నిక్ బృందం ప్రచురించిన పరిశోధనలో, ఒక వాక్యం తప్పని మూడుసార్లు విన్న వృద్ధులు మూడు రోజుల తరువాత దానిని నిజమని పొరబడడం, ఒక్కసారే విన్నవారి కంటే ఎక్కువగా కనిపించింది. ‘మొన్న మీరే ఒప్పుకున్నారు కదా’ అంటూ ఫోను చేసే మోసగాడు ఆధారపడేది కూడా ఈ లోటు మీదనే. కనుక తప్పును తిరిగి తిరిగి ఖండించడం కంటే ఒప్పును తిరిగి తిరిగి చెప్పడం మేలు. పసరు సంగతి ఎత్తకుండా, వేసుకోవలసిన మాత్ర పేరు చెప్పడం మేలు.

పరిశోధన ఒక ఊరట కూడా ఇచ్చింది. స్మరణ బలహీనపడిందని తెలిస్తే దానికే అభ్యాసం చేయించవచ్చు. 2003లో జెన్నింగ్స్, జాకబీ ప్రకటించిన శిక్షణలో, వృద్ధులు ఒక మాటను ఇంతకుముందు ఎక్కడ చూశారో గుర్తించే వ్యవధిని కొద్దికొద్దిగా పెంచుతూ పోయారు. మొదట తడబడినవారు క్రమంగా చాలా ఎక్కువ వ్యవధిని తట్టుకోగలిగారు. జ్ఞాపకశక్తి మొత్తంగా తగ్గిందని పెదవి విరవడం వేరు, ఏ పాయ ఎండుతున్నదో తెలుసుకుని దానికి నీరు మళ్లించడం వేరు.

ఈ లెక్క జ్ఞాపకాన్ని దాటి న్యాయానికీ అక్కరకు వచ్చింది. 2001లో కీత్ పేన్ ఒక ప్రయోగంలో తెల్లవారి ముఖమో నల్లవారి ముఖమో ఒక్క క్షణం చూపి, వెంటనే చేతి పనిముట్టునో తుపాకినో చూపి, అది ఏమిటో త్వరగా చెప్పమన్నారు. నల్లముఖం తరువాత చూపిన పనిముట్టును తుపాకి అని పొరబడడం ఎక్కువగా జరిగింది. తొందరపెట్టినకొద్దీ తగ్గినది ఎరుకతో కూడిన నిగ్రహం. అప్రయత్నమైన మొగ్గు అలాగే ఉంది. మంచివాడినని నమ్ముకున్న మనిషి చేతిలో కూడా అది పనిచేయగలదన్నది ఆ ఫలితపు చేదు.

విమర్శలు రాకపోలేదు. రెండు పాయలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పారుతాయన్నది జాకబీ లెక్కకు పునాది. 1995లో టిమ్ కరన్, డగ్లస్ హింట్జ్‌మన్ ఆ పునాదినే ప్రశ్నించారు. సంబంధం ఉంటే లెక్క అప్రయత్న ప్రభావాన్ని తక్కువ చేసి చూపుతుందని వాదించారు. మొదట మాట తనంతట తాను వచ్చి, తరువాత దానిని పోల్చుకోవడం జరుగుతున్నదేమోనని మరికొందరన్నారు. ఇది కొత్త సందేహమైనా, సంస్కారమూ ఇంద్రియమూ కలిసి ప్రత్యభిజ్ఞను పుట్టిస్తాయన్న అన్నంభట్టు వాక్యానికి దగ్గరిలోనే నిలుస్తుంది. కలిసి పనిచేసేవి నిజంగా స్వతంత్రాలేనా? ఆ చర్చ పూర్తిగా ముగియలేదు. కాని విమర్శకులు సైతం వెనక్కి తీసుకోని సంగతి ఒకటి ఉంది. ఏ పరీక్షా స్వచ్ఛం కాదు; రెండు ప్రభావాలనూ ఎదురెదురుగా నిలిపితేనే వాటి బలాబలాలు తెలుస్తాయి.

ఈ చరిత్ర మొత్తంలో కోర్సకోవ్ రోగి జంకు, క్లపరేడ్ రోగి వెనక్కి తీసుకున్న చేయి, ఎలెన్ స్మిత్ చంద్రగిరి, హెలెన్ కెల్లర్ కథ, వైస్‌డార్ఫ్ కీర్తి అన్నీ ఒకే వరసలో నిలుస్తాయి. అన్నింటిలోనూ విషయం మిగిలింది, చిరునామా పోయింది. విన్నట్టు ఉండడం నిజమనడానికి ఆధారం కాదు. తన నోట వచ్చినంత మాత్రాన మాట తనది కాదు. కనుక పాఠకుడైనా రచయితైనా, రోగికి సలహా చెప్పే వైద్యుడైనా తనను తాను అడుగవలసినది ‘ఇది ఎప్పుడైనా విన్నానా’ అని కాదు, ‘ఎవరి నోట, ఎక్కడ విన్నాను’ అని. మొదటి ప్రశ్నకు పరిచయభావం ఎప్పుడూ అవుననే చెబుతుంది. రెండవదానికి జవాబు స్మరణ దగ్గర మాత్రమే ఉంటుంది.